గాలి ఫిరంగికి పిస్టనే ప్రాణం

గాలి ఫిరంగి చేద్దామని కూర్చున్న ఇంజనీరింగ్ విద్యార్థిని ఎవరిని కదిలించినా ముందు ప్రెషర్ గురించే మాట్లాడతాడు. కంప్రెసర్ ఎన్ని కేజీలు ఎక్కిస్తుంది, ట్యాంకు ఎన్ని కేజీలు ఓర్చుకుంటుంది, ఇంకో 2 కేజీలు పెంచితే ఎంత దూరం పోతుంది అని. మెకానిక్కుల భాషలో కేజీ అంటే చదరపు సెంటీమీటరు మీద కిలో బరువు. సైకిల్ షాపు నుంచి సిమెంటు ఫ్యాక్టరీ దాకా గాలిని ఈ లెక్కలోనే కొలుస్తారు. ప్రెషర్ ముఖ్యమే. అయితే ట్యాంకులో దాచిన గాలి దెబ్బలా తగులుతుందో, ఫ్యాను గాలిలా ఒళ్ళు తాకి పోతుందో నిర్ణయించేది ట్యాంకుకీ గొట్టానికీ మధ్య ఉన్న తలుపు. ఆ తలుపు ఎంత పెద్దది, ఎంత త్వరగా తెరుచుకుంటుంది అన్నదే అసలు ప్రశ్న. ఈ ప్రశ్నకు దొరికిన జవాబుల్లో నాకు అన్నిటికంటే అందంగా కనిపించేది పిస్టన్ వాల్వు. అదేమిటో పూర్తిగా అర్థం కావాలంటే కొంచెం లెక్క వేయాలి.

100 లీటర్ల ట్యాంకు తీసుకుందాం. అందులోకి 7 కేజీల ప్రెషర్ దాకా గాలి ఎక్కించాం. బయటి గాలి ఒత్తిడిని కూడా కలుపుకుంటే లోపల దాదాపు 8 రెట్ల గాలి కుక్కి ఉంది. దాని బరువు 900 గ్రాములకు కాస్త పైన. గాలికి బరువేమిటి అనుకుంటాం గానీ, ఆ ట్యాంకులో ఉన్నది దాదాపు కిలో సరుకు. అది బయటి ఒత్తిడికి సమానమయ్యేదాకా వ్యాకోచిస్తే, చుట్టూ ఉన్న వాతావరణాన్ని నెట్టుకోవడానికి అయ్యే ఖర్చు పోను, 50 వేల జూల్స్ పైచిలుకు శక్తి చేతికి వస్తుంది. టన్ను బరువున్న కారును 5 మీటర్ల ఎత్తుకు లేపగల శక్తి అది.

ఇప్పుడు ఆ ట్యాంకుకు అర అంగుళం బాల్ వాల్వు బిగించి, పిడి తిప్పి గాలి వదిలామనుకోండి. ఎంత వేగంగా తిప్పినా ఆ కన్నం నుంచి సెకనుకు పావు కిలో గాలి కూడా బయటికి రాదు. దానికి కారణం ఉంది. ట్యాంకులోని మొత్తం ఒత్తిడి బయటి ఒత్తిడికి 1.9 రెట్లు దాటితే, కన్నం దగ్గర గాలి ధ్వని వేగాన్ని అందుకుంటుంది. అంతకు మించి అక్కడ పరుగెత్తదు. బయట ఎంత ఖాళీ ఉన్నా, ఎవరు ఎంత లాగినా, ఆ ఇరుకు చోట వేగం అక్కడే ఆగిపోతుంది. మామూలు ఉష్ణోగ్రతలో మొదలైన గాలి ఆ ఇరుకుకు వచ్చేసరికి చల్లబడి ఉంటుంది కాబట్టి ఆ వేగం సెకనుకు 315 మీటర్ల దగ్గర ఉంటుంది. ఇక సెకనుకు ఎంత గాలి పోవాలన్నది కన్నం వైశాల్యం చేతిలో ఉంది. ప్రెషర్ రెట్టింపు చేస్తే గాలి దాదాపు రెట్టింపే వస్తుంది. కన్నం వ్యాసం రెట్టింపు చేస్తే నాలుగు రెట్లు వస్తుంది. అర అంగుళం బదులు 100 మిల్లీమీటర్ల గొట్టం పెడితే వైశాల్యం 62 రెట్లు. పావు కిలో కూడా రాని చోట సెకనుకు 14 కిలోల వేగంతో గాలి బయలుదేరుతుంది. ఇది వంపులూ ఒరిపిడీ లేని ఆదర్శ లెక్క. నిజంలో కొంత తగ్గుతుంది. తగ్గినా ట్యాంకు సెకనులో చిన్న భాగంలోనే ఖాళీ అవుతుంది. చిల్లు పడిన బిందె నుంచి కారే నీళ్ళకూ, బిందె బోర్లించి కుమ్మరించిన నీళ్ళకూ ఉన్న తేడా ఇది.

అయితే 100 మిల్లీమీటర్ల బాల్ వాల్వు పెడితే సరిపోదా? కన్నం పెద్దదే అవుతుంది. కానీ అంత పెద్ద వాల్వును 7 కేజీల ఒత్తిడి కింద చేత్తో తిప్పడానికి రెండు చేతులూ, పొడుగాటి పిడీ కావాలి. సగం తెరిచేలోపు గాలి కారడం మొదలవుతుంది, పూర్తిగా తెరిచేసరికి లోపల ప్రెషర్ పడిపోయి ఉంటుంది. మనిషి చేతి వేగం ఈ పనికి చాలదు. మోటారు పెట్టినా పెద్ద తేడా రాదు. ఇక్కడే ఎవరో బుద్ధిమంతుడికి తట్టిన ఉపాయం: తలుపు తెరిచే పని ట్యాంకులోని గాలికే అప్పగించాలి.

ట్యాంకు లోపలికి చొచ్చుకొని ఉన్న గొట్టం మూతిని ఊహించుకోండి. గొట్టం 100 మిల్లీమీటర్లు. దానికి ఎదురుగా, మూతిని మూస్తూ ఒక పిస్టన్ కూర్చుని ఉంది. పిస్టన్ గొట్టం కంటే వెడల్పు, 150 మిల్లీమీటర్లు అనుకుందాం. పిస్టన్ వెనక చిన్న గది. ఆ గదిలోనూ గాలి ఉంది, ట్యాంకులో ఉన్నంత ప్రెషర్‌తోనే.

పిస్టన్ వెనక ముఖం మొత్తం వైశాల్యం దాదాపు 177 చదరపు సెంటీమీటర్లు. 7 కేజీల లెక్కన వెనక నుంచి 1237 కిలోల బలం దాన్ని గొట్టం మూతికి అదిమి పెడుతోంది. ముందు వైపు నుంచి ట్యాంకు గాలి కూడా దాన్ని వెనక్కి నెడుతోంది గానీ, గొట్టం మూతి కప్పిన నడిమి భాగాన్ని ఆ గాలి తాకలేదు. అక్కడ ఉన్నది గొట్టంలోని మామూలు గాలి. తాకేది చుట్టూ మిగిలిన అంచును మాత్రమే. అది 98 చదరపు సెంటీమీటర్లు, 687 కిలోల బలం. రెంటికీ తేడా 550 కిలోలు. అంత బరువుతో తలుపు మూసుకుని ఉంది. గొళ్ళెం లేదు, తాళం లేదు. ట్యాంకులో ప్రెషర్ పెరిగేకొద్దీ ఈ తలుపు ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది.

ఇప్పుడు వెనక గదికి ఉన్న చిన్న వాల్వును తెరుద్దాం. ట్యాంకు జోలికి పోవడం లేదు, ఆ చిన్న గదిలోని కాస్త గాలిని మాత్రం బయటికి వదులుతున్నాం. గదిలో ప్రెషర్ 7 నుంచి 6కు, 5కు, 4కు దిగుతుంది. అప్పటిదాకా పిస్టన్ కదలదు. 3.9 దగ్గర వెనక బలం 687 కిలోలకు వచ్చి ముందు బలంతో సమానమవుతుంది. అక్కడి నుంచి ఒక్క వెంట్రుక వాసి దిగితే పిస్టన్ మూతి నుంచి లేస్తుంది. లేవగానే, అప్పటిదాకా తాకని నడిమి భాగం మీద కూడా ట్యాంకు గాలి విరుచుకుపడుతుంది. 98 చదరపు సెంటీమీటర్ల మీద పనిచేస్తున్న గాలికి ఒక్కసారిగా 177 దొరుకుతాయి. 687 కిలోల బలం 1237 వైపు పరుగు తీస్తుంది, వెనక నుంచి ఆపేది 687 మాత్రమే, అదీ తగ్గిపోతూ. కాబట్టి ఈ తలుపుకు సగం తెరుచుకుని నిలబడడం చేతకాదు. మూసి ఉండాలి, లేదా పూర్తిగా తెరుచుకోవాలి. మొదలైన కదలిక తనను తానే పెంచుకుంటుంది.

ఎంతసేపు పడుతుంది? 2 కిలోల పిస్టన్ మీద 550 కిలోల మిగులు బలం పనిచేస్తోందనుకుంటే, 25 మిల్లీమీటర్లు వెనక్కి జరగడానికి 5 మిల్లీసెకన్లు కూడా పట్టదు. కనురెప్ప వేయడానికి 100 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. 25 మిల్లీమీటర్లే ఎందుకంటే, అంతకు మించి జరిగి ప్రయోజనం లేదు. మూతికీ పిస్టన్‌కూ మధ్య ఏర్పడే చుట్టు సందు వైశాల్యం, పిస్టన్ గొట్టం వ్యాసంలో నాలుగో వంతు దూరం జరిగేసరికి, గొట్టం వైశాల్యానికి సమానమవుతుంది. ఆ తర్వాత అడ్డు తలుపు కాదు, గొట్టమే.

చిన్న వాల్వు వేసిన సైగకు పెద్ద వాల్వు తలవంచడం, అదీ గాలి పంపితే కాకుండా గాలి తీసేస్తే కదలడం: ఈ రెండూ కలిసిన చోటే ఈ యంత్రం గొప్పతనం ఉందని నా నమ్మకం. రైల్లో చైన్ లాగినప్పుడు జరిగేదీ ఇదే కుటుంబానికి చెందిన పని. మన రైళ్ళ బ్రేకు పైపులో మామూలుగా 5 కేజీల ప్రెషర్ ఉంటుంది. చైన్ లాగితే ఆ పైపులోని గాలి బయటికి పోతుంది. ప్రెషర్ పడిపోవడమే ప్రతి పెట్టె కిందా ఉన్న వాల్వుకు ఆజ్ఞ. పెట్టె కింద ట్యాంకులో దాచుకున్న గాలిని ఆ వాల్వు బ్రేకు సిలిండరులోకి వదులుతుంది. ఈ పద్ధతిని అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1872 ప్రాంతంలో రూపొందించాడు. పైపు తెగినా, పెట్టెలు విడిపోయినా బ్రేకులు వాటంతటవే పడేది అందుకే.

కాగితం మీద ఇంత చక్కగా ఉన్న పిస్టన్ వాల్వు, చేతిలోకి వచ్చేసరికి కొన్ని పేచీలు పెడుతుంది. మొదటిది నింపడం. గాలి ముందుగా వెనక గదిలోకి రావాలి, పిస్టన్‌ను మూతి మీద కూర్చోబెట్టాలి, ఆ తర్వాతే ట్యాంకులోకి వెళ్ళాలి. అందుకని చాలా డిజైన్లలో పిస్టన్ అంచున సన్నటి సందు గానీ, పిస్టన్‌లోనే చిన్న రంధ్రం గానీ వదులుతారు. ఆ సందు మరీ సన్నదైతే ట్యాంకు నిండడానికి చాలాసేపు పడుతుంది. మరీ పెద్దదైతే, పేల్చే సమయంలో మనం వెనక నుంచి వదిలిన గాలిని ట్యాంకు గాలి ఆ సందు గుండా వచ్చి మళ్ళీ నింపేస్తుంది. వెనక ప్రెషర్ 3.9కి దిగదు. వాల్వు బుస్సుమని కారుతూనే ఉంటుంది, పిస్టన్ లేవదు. సందులోంచి వచ్చే గాలి కంటే చిన్న వాల్వులోంచి పోయే గాలి చాలా రెట్లు ఎక్కువ ఉండాలి. ఈ ఒక్క నియమం తెలియకే చాలా ఫిరంగులు నోరు విప్పవు. కొందరు ఆ రంధ్రానికి ఒకవైపే తెరుచుకునే చిన్న రబ్బరు రెక్క పెడతారు. అది ట్యాంకులోకి పోనిస్తుంది, తిరిగి రానివ్వదు.

రెండోది వెనక గది పరిమాణం. గది పెద్దదైతే వదలాల్సిన గాలి ఎక్కువ, ఆలస్యం ఎక్కువ. బాగా చిన్నదైతే వెనక్కి దూసుకొచ్చే పిస్టన్‌కు చోటు చాలదు. గదిలో మిగిలిన కొద్ది గాలి నలిగి పిస్టన్‌కు మెత్తలా పనికొస్తుంది కూడా. అది సరిపోకపోతే పిస్టన్ వెనక గోడను సుత్తిలా కొడుతుంది. అక్కడ పాలియురేథేన్ దిండు పెట్టడం అందుకే. మూడోది చిన్న వాల్వు నుంచి వెనక గది దాకా ఉండే గొట్టం. అది పొడుగై, సన్నమైతే గాలి దాని గుండా మెల్లగా కారుతుంది. పిస్టన్ లేచాక కూడా వెనక నుంచి అడ్డు పడుతుంది. దెబ్బ నీరసపడుతుంది.

ఈ చిక్కులన్నిటికీ జవాబులు వెతికిన చోటు ఏదంటే నేను సిమెంటు ఫ్యాక్టరీ వైపు చెయ్యి చూపిస్తాను. గాలి ఫిరంగి మన తెలుగు నేలలో రోజంతా, ఏడాదంతా పేలేది అక్కడే. పల్నాడు, హుజూర్‌నగర్, జగ్గయ్యపేట, ఎర్రగుంట్ల, తాడిపత్రి, తాండూరు. సున్నపురాయి పొరలు ఎక్కడ ఉంటే అక్కడ సిమెంటు ఫ్యాక్టరీ, దాని మధ్యలో ప్రీహీటర్ టవర్. దూరం నుంచి రోడ్డు మీద పోతుంటే ఊరికంటే ముందు కనిపించే కట్టడం అది. కొన్ని 100 మీటర్లు దాటుతాయి. మెత్తగా నూరిన సున్నపురాయి పొడి పైనుంచి సైక్లోన్లనే గరాటు గదుల్లోకి ఒకదాని తర్వాత ఒకదానిలోకి దిగుతుంటే, కింద తిరిగే కిల్న్ అనే కొలిమి నుంచి వచ్చే వేడి వాయువులు దానికి ఎదురెక్కుతుంటాయి. పొడి కిందికి చేరేసరికి 850 డిగ్రీలు దాటుతుంది. కిల్న్ మూతి దగ్గర వాయువులు 1000 డిగ్రీలకు పైనే.

తంటా అంతా అక్కడే. రాయిలోనూ బొగ్గులోనూ కొద్దిగా పొటాషియం, సోడియం, గంధకం, క్లోరిన్ ఉంటాయి. 1450 డిగ్రీల వేడి దగ్గర ఇవి ఆవిరై వాయువులతో పైకి పోతాయి. పైన కాస్త చల్లటి చోటు తగలగానే మళ్ళీ పేరుకుంటాయి, పొడికి అంటుకుని కిందికి వస్తాయి, మళ్ళీ ఆవిరవుతాయి. బయటికి పోవు, లోపలే తిరుగుతూ ప్రతి చుట్టుకూ చిక్కబడతాయి. పొటాషియం క్లోరైడు 770 డిగ్రీలకే కరుగుతుంది. అంటే సరిగ్గా ఆ కింది సైక్లోన్ల వేడిలో అది జిగురు. ఆ జిగురుతో పొడి గోడకు పట్టి, పొర మీద పొరగా గట్టిపడి, దారిని మూసేస్తుంది. బొగ్గుకు బదులుగా ప్లాస్టిక్ చెత్త వంటివి మండించే ఫ్యాక్టరీల్లో క్లోరిన్ ఎక్కువ కాబట్టి ఈ బెడదా ఎక్కువే.

దారి మూసుకుపోతే కిల్న్ ఆపాలి. ఆపకుండా ఉండడానికి మనుషులు సైక్లోన్ గోడకున్న రంధ్రాల్లోంచి పొడుగాటి ఇనుప రాడ్లు దూర్చి పొడుస్తారు. ఈ పని గురించి తేలిగ్గా రాయలేను. వేడి పొడి గాలితో కలిస్తే నీళ్ళలా ప్రవహిస్తుంది. అడ్డు ఒక్కసారిగా ఊడితే, పైన పేరుకున్న 800 డిగ్రీల పొడి రంధ్రంలోంచి మనిషి మీదికి దూకుతుంది. తప్పుకునే వ్యవధి ఉండదు. సిమెంటు పరిశ్రమలో ప్రాణాలు తీసే ప్రమాదాల్లో ఇది ఒకటి. ఆ రాడ్డు పట్టుకునే మనిషి అక్కడ నిలబడాల్సిన అవసరాన్ని వీలైనంత తగ్గించిన యంత్రం కాబట్టే ఎయిర్ బ్లాస్టర్ మీద నాకు గౌరవం.

ఎయిర్ బ్లాస్టర్ అంటే మనం పైన లెక్కలు వేసిన గాలి ఫిరంగే. గుండు ఉండదు, అంతే తేడా. గాలే గుండు. టవర్ అంతస్తుల్లో నడిస్తే సైక్లోన్ గోడ చుట్టూ ఇవి బిగించి కనిపిస్తాయి: బూడిద రంగు పొడి కప్పేసిన ట్యాంకు, దాని నుంచి గోడలోకి దూరిన లావు గొట్టం, లోపల వేడిని తట్టుకునే పోత ఉక్కు నాజిల్. విసనకర్రలా విచ్చుకున్న ఆ నాజిల్ మూతి గాలిని గోడ వెంబడి పలకలా పరుస్తుంది, పొర కిందికి దూరి లేవదీసేలా. కంట్రోల్ రూములో టైమరు ప్రకారం, ఇక్కడ చిన్న వాల్వు పని చేసే సొలినాయిడ్ వాల్వుకు కరెంటు అందుతుంది, వెనక గది ఖాళీ అవుతుంది, పిస్టన్ లేస్తుంది. గుండెలదిరే ఒక్క దెబ్బ, ఆ తర్వాత కంప్రెసర్ గాలి మళ్ళీ ట్యాంకులోకి దిగే సన్నటి చప్పుడు. అన్నిటినీ ఒకేసారి పేల్చరు. ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో ట్యాంకు నిండే వ్యవధి ఇస్తూ, పేరుకునే చోటును బట్టి వరస మారుస్తూ పేలుస్తారు. పొర పల్చగా ఉన్నప్పుడే కొట్టాలి. గట్టిపడ్డాక ఎన్ని దెబ్బలేసినా రాలదు.

ఇంట్లో ఫిరంగి చేసేవాళ్ళకు ఎదురయ్యే చిక్కులే ఇక్కడా ఉన్నాయి. సైక్లోన్ గోడ పక్కన వేడికి సొలినాయిడ్ కాయిల్ మాడిపోతుంది కాబట్టి దాన్ని దూరంగా ప్యానెల్‌లో పెడతారు. అప్పుడు మధ్య గొట్టం పొడుగవుతుంది. దానికి విరుగుడుగా క్విక్ ఎగ్జాస్ట్ వాల్వు ఒకటి ట్యాంకుకు ఆనించి బిగిస్తారు. పొడుగు గొట్టంలో ప్రెషర్ పడినట్టు తెలియగానే ఆ వాల్వు వెనక గదిలోని గాలిని అక్కడికక్కడే బయటికి వదిలేస్తుంది. సైగ దూరం నుంచి వచ్చినా గాలి అంత దూరం ప్రయాణించాల్సిన పని లేదు.

ఇంకొక చిక్కు నీళ్ళు. ట్యాంకు ఖాళీ అయ్యేటప్పుడు లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడుతుంది. బయటి నుంచి వేడి ఏమీ అందదనుకుని లెక్క వేస్తే సున్నాకు 100 డిగ్రీల కిందికి పోవాలి. నిజంలో ట్యాంకు గోడలు వేడి అందిస్తాయి కాబట్టి అంత జరగదు గానీ, గాలిలోని తేమ నీరుగా మారడానికి ఆ చలి చాలు. కంప్రెసర్ నుంచి వచ్చే గాలిలోనూ తేమ ఉండనే ఉంది. ఈ నీరు ట్యాంకు అడుగున చేరి తుప్పు పట్టిస్తుంది, సిమెంటు పొడితో కలిసి పిస్టన్‌ను సిలిండరుకు అతికించేస్తుంది. అందుకే ట్యాంకు అడుగున డ్రెయిన్ కాక్ ఉంటుంది. పంక్చర్ షాపులో కంప్రెసర్ ట్యాంకు కింద ఆ కాక్ ఎప్పుడైనా తిప్పి చూడండి: ఎర్రటి తుప్పు నీళ్ళు ఉమ్మినట్టు బయటికొస్తాయి. ఆ కాక్ నెలల తరబడి తిప్పని చోటే ట్యాంకు అడుగు రేకు లోలోపల పల్చబడి ఒక రోజు పేలుతుంది.

గాలి తీస్తే పేలే ఈ సుగుణమే మనిషి ట్యాంకు పక్కన ఉన్నప్పుడు ప్రమాదంగా మారుతుంది. సరఫరా గొట్టం పగిలినా, ఎవరైనా మెయిన్ లైను కట్టేసి గాలి వదిలేసినా వెనక గదిలో ప్రెషర్ పడిపోతుంది. యంత్రానికి అదే ఆజ్ఞ. ఎవరూ మీట నొక్కకుండానే పేలుతుంది. సైక్లోన్ లోపల ఇటుకల పని చేస్తున్న మనిషి అప్పుడు నాజిల్ ముందు ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. కొత్త డిజైన్లలో దీన్ని తిరగేశారు: గాలి అందితేనే పేలేలా, గాలి పోతే మౌనంగా ఉండేలా. ఏ డిజైనైనా, మనుషులు లోపలికి దిగే ముందు సరఫరా మూసి, తాళం వేసి, ప్రతి ట్యాంకూ ఖాళీ అయిందని గేజిలో సున్నా చూసుకోవడం తప్పనిసరి.

ఇంత గాలిని ఒకేసారి కుమ్మరించడం అన్ని పనులకూ పనికిరాదు. దానికి ఎదురు ఉదాహరణ 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం చేతికి వచ్చిన గాలి తుపాకి. తిరోల్‌కు చెందిన గిరార్డోని అనే తుపాకుల తయారీదారుడు దాన్ని రూపొందించాడు. భుజానికి ఆనించే మడమ భాగమే గాలి తిత్తి. దాన్ని నింపడానికి చేతి పంపు దాదాపు 1500 సార్లు కొట్టాలి. పక్కన గొట్టంలో 20కి పైగా గుళ్ళు. మందుగుండు తుపాకి ఒకసారి పేల్చి, మళ్ళీ నింపుకునేలోపు ఇది పొగ లేకుండా ఎన్నోసార్లు పేలేది. 1803లో అమెరికా పశ్చిమ భాగాన్ని అన్వేషించడానికి బయలుదేరిన మెరివెదర్ లూయిస్ వెంట ఒక గాలి తుపాకి ఉంది. అది గిరార్డోని రకానిదేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. దారిలో ఎదురైన తెగల వాళ్ళకు దాన్ని పేల్చి చూపించేవాడు. ఈ తుపాకిలో వాల్వు పని వేరు. ట్రిగ్గర్ నొక్కితే సుత్తి వచ్చి వాల్వు కాడను తడుతుంది. వాల్వు క్షణకాలం తెరుచుకుని, లోపలి గాలి ఒత్తిడికే మళ్ళీ మూసుకుంటుంది. 1500 సార్లు పంపు కొట్టి దాచిన గాలిని పొదుపుగా, ఒక్కో గుండుకు ఒక్కో గుక్క చొప్పున ఖర్చు పెట్టాలి కదా. పిస్టన్ వాల్వు అక్కడ పెట్టి ఉంటే మొదటి గుండుతోనే తిత్తి ఖాళీ.

ఆ పొదుపు వాల్వు వారసులు ఇవాళ మిర్యాలగూడ రైసు మిల్లుల్లో ఉన్నారు. కలర్ సార్టర్ యంత్రంలో బియ్యం జారుతుంటే కెమెరా రంగు మారిన గింజను పట్టుకుంటుంది, వరసగా అమర్చిన చిన్న గాలి వాల్వుల్లో ఒకటి కొన్ని మిల్లీసెకన్ల పాటు తెరుచుకుని ఆ ఒక్క గింజనూ పక్కకు ఊదేస్తుంది. పిస్టన్ వాల్వు తమ్ముడు మాత్రం సిమెంటు ఫ్యాక్టరీలోనే దుమ్ము పట్టే బ్యాగ్ ఫిల్టర్ల మీద కూర్చుని ఉంటాడు. పిస్టన్ బదులు రబ్బరు పొర, అంతే. ఠప్పుమని వదిలిన గాలికి సంచి దులుపుకుని దుమ్ము కింద పడుతుంది.

అన్నలాంటిది మాత్రం సముద్రంలో ఉంది. కాకినాడకు ఎదురుగా, కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురు, గ్యాసు వెతకడానికి సముద్రపు అడుగు పొరలను చూడాలి. ఓడ వెనక గాలి తుపాకులను నీళ్ళలోకి దింపి లాగుతారు. ఒక్కో దాంట్లో ప్రెషర్ 140 కేజీల దగ్గర. లోపల ఒకే కాడకు రెండు చివర్లా పిస్టన్లు ఉన్న షటిల్ ఉంటుంది. పై పిస్టన్ పెద్దది కాబట్టి మామూలుగా అది తలుపును అదిమి పెడుతుంది. సొలినాయిడ్ తెరిచి పై పిస్టన్ కిందికి గాలి వదిలితే ఆ బలం తలకిందులవుతుంది, షటిల్ పైకి ఎగురుతుంది, పక్క కిటికీల్లోంచి గాలి నీళ్ళలోకి పేలుతుంది. వైశాల్యాల తేడాతో మూసి ఉంచడం, ఆ తేడాను చెరిపేసి తెరవడం: మన 150 మిల్లీమీటర్ల పిస్టన్ చేసిందే ఇది. ఆ ధ్వని సముద్రపు అడుగు రాళ్ళలోకి వెళ్ళి, పొరపొరకూ కొంత వెనక్కి వస్తుంది. ఓడ వెనక కిలోమీటర్ల పొడవున తేలే తాళ్ళలోని మైకులు దాన్ని వింటాయి. ఓడ ప్రతి పాతిక మీటర్లకూ ఒకసారి, అంటే దాదాపు 10 సెకన్లకు ఒకసారి పేలుస్తూ పోతుంది. ఇంతకు ముందు ఈ పనికి డైనమైట్ వాడేవాళ్ళు. గాలి వచ్చి దాన్ని తప్పించింది. కృష్ణా గోదావరి బేసిన్‌లో 2002లో పెద్ద గ్యాసు నిక్షేపం బయటపడడం వెనకా ఇలాంటి ధ్వని పటాలే ఉన్నాయి.

డైనమైట్ పోయినంత మాత్రాన సముద్రానికి నొప్పి తగ్గిపోలేదు. టాస్మానియా దగ్గర చేసి 2017లో ప్రచురించిన పరీక్షలో, ఒక్క గాలి తుపాకి పేలిన చోటికి 1.2 కిలోమీటర్ల దూరం దాకా సూక్ష్మ జలచరాలు మామూలు కంటే ఎక్కువగా చనిపోయినట్టు తేలింది. తిమింగలాలు, డాల్ఫిన్లు పక్కకు తప్పుకునే వ్యవధి ఇవ్వడానికి చాలా దేశాల్లో మొదట ఒక తుపాకితో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. సూక్ష్మ జీవులు తప్పుకోలేవు కదా. ఈ పనికి ఇంకా మెత్తటి పద్ధతి కావాలి.

మళ్ళీ ఇంట్లో ఫిరంగి చేసే విద్యార్థి దగ్గరికి వద్దాం. అతను వాల్వు గురించి ఆలోచించడం మొదలుపెట్టాక ట్యాంకు గురించి కూడా ఆలోచించాలి, అదీ ముందుగా. మన ఊళ్ళలో చేతికందేది పీవీసీ పైపు. దాని మీద 6 కేజీలు, 10 కేజీలు అని అచ్చు ఉంటుంది. అది నీళ్ళ కోసం వేసిన లెక్క. పీవీసీ సాగదు, పగులుతుంది. లోపల గాలి ఉంటే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి. ఎండకు వేడెక్కితే దాని బలం ఇంకా తగ్గుతుంది. గాలి కోసమే తయారై, ప్లేటు మీద అనుమతించిన ప్రెషర్ రాసి, సేఫ్టీ వాల్వు ఉన్న ఉక్కు ట్యాంకు తప్ప ఇంకేదీ ఈ పనికి తగదు. సిమెంటు ఫ్యాక్టరీలో పిస్టన్ బయటికి కొట్టేది గాలినే. ఇంట్లో దాని ముందు ఏదైనా వస్తువు పెడితే అది ఆయుధమే. దానికి మన దేశంలో ఆయుధాల చట్టం ఉంది.

గాలితో ఎందుకింత భయం అంటే, ట్యాంకు తయారీదారులు బలాన్ని ఎలా పరీక్షిస్తారో చూడాలి. గాలితో పరీక్షించరు. ట్యాంకు నిండా నీళ్ళు నింపి, పైన బుడగ కూడా మిగలకుండా చూసి, చిన్న పంపుతో ప్రెషర్ పెంచుతారు. వాడే ప్రెషర్ కంటే ఎక్కువే పెడతారు. నీళ్ళు దాదాపు నలగవు కాబట్టి శక్తిని దాచుకోలేవు. మన 100 లీటర్ల ట్యాంకులో 7 కేజీల దగ్గర నీళ్ళు దాచుకునే శక్తి 10 జూల్స్ చుట్టూ ఉంటుంది. అదే ట్యాంకులో, అదే ప్రెషర్‌లో గాలి దాచుకునేది 50 వేలు. నీళ్ళు నిండిన ట్యాంకు వెల్డింగు దగ్గర విడిపోతే, ఆ చీలికలోంచి నీళ్ళు కాసేపు చిమ్ముతాయి, గేజి ముల్లు సున్నాకు పడుతుంది, అక్కడితో అయిపోతుంది.